చిటికెనవేలంత సౌండు

అద్దాలాయన స్పీకర్ల మీద మనసు పడ్డాడు.

వీధి మలుపులో ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. వచ్చినవాళ్ళ ముక్కు మీద ఇనప ఫ్రేము తగిలించి, బిళ్ళలు మార్చి మార్చి "ఇది బాగుందా? ఇది బాగుందా?" అని అడగడమే రోజంతా పని. అలాంటివాడు పక్కవీధి సౌండు సామాన్ల కొట్లో కళ్ళజోడు ఇచ్చొద్దామని వెళ్ళి, అక్కడ మోగుతున్న ఓ జత స్పీకర్లు విని, మైమరచిపోయి, తన కళ్ళజోడు కూడా అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు.

ఆ కొట్టు యజమానిని ఊరంతా బాస్ బాబాయ్ అంటారు. ఎవరికో బాస్ అయినందుకు కాదు. ఆయన అడుగుస్వరంలో "బాగున్నారా" అని పలకరిస్తే ఎదుటివాళ్ళ పొట్టలో గుడగుడమంటుంది.

"ఏమోయ్, మన స్పీకర్లు మార్చేద్దాం" అన్నాడు అద్దాలాయన, భోజనాల దగ్గర.

ఆయన భార్య హైస్కూల్లో లెక్కల టీచరు. పరీక్ష హాల్లోకి ఆవిడ అడుగు పెడితే, చీటీలు తెచ్చుకున్నవాళ్ళు వాటిని నమిలి మింగేస్తారని చెప్పుకుంటారు.

"ఎందుకూ? అవి పాడుతున్నాయిగా?"

"పాడటం వేరు, పలకడం వేరు. వాటిలో వూఫర్ పోయింది."

"ఊపిరి పోయిందా! పొద్దున్నేగా వార్తలు చదివాయి?"

"వూఫర్! అడుగుస్వరాలు పలికేది. ట్వీటర్ కూడా నీరసించింది."

"కిచకిచలాడేదేనా? అది తగ్గితే మంచిదే. మీరు ఆ లోటు తీరుస్తున్నారు."

అద్దాలాయన ఆ పూటకి మజ్జిగన్నం కలుపుకున్నాడు. మర్నాడు మళ్ళీ ఎత్తాడు. లోపలి కోన్లు మార్పిద్దామన్నాడు, యాంప్లిఫయర్ మారుద్దామన్నాడు, అదంతా ఎందుకు, అసలు జతనే మార్చేద్దామన్నాడు. వారం తిరిగేసరికి ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని కాపురం పెట్టేశాడు.

"సరే, పరీక్ష పెట్టండి" అంది చివరికి. "పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి వినిపించండి. తేడా ఉంటే చూద్దాం."

అద్దాలాయన కాళ్ళు నేలమీద ఆనలేదు. ఆ ఊపులోనే బాబాయ్ దగ్గరికి పరిగెత్తాడు.

"ఇంటికి తీసుకెళ్ళు. ఆదివారం వినిపించు. నచ్చకపోతే తిరిగిచ్చెయ్" అన్నాడు బాబాయ్. తర్వాత గొంతు తగ్గించాడు. ఆయన తగ్గించడమంటే గాజు బీరువా మోత ఆగడం. "ఒక చిన్న కిటుకు. కొత్తవి మోగేటప్పుడు సౌండు ఒక్క పిసరు పెంచు. పెంచినట్టు తెలియకూడదు సుమా. కాస్త ఎక్కువగా వినబడితే చాలు, అదే బాగుందనుకుంటుంది మనిషి చెవి."

అద్దాలాయన మనస్సాక్షి కాస్త గునిసింది. దుకాణంలో ఆయన ఎవరికీ తప్పు బిళ్ళ అంటగట్టినవాడు కాదు. 'అది కళ్ళ వ్యాపారం, ఇది చెవుల వ్యవహారం' అని దాన్ని బుజ్జగించి పడుకోబెట్టాడు.

ఆదివారం స్పీకర్లు వచ్చాయి. ఒక్కోటీ ఫ్రిజ్జుకు తమ్ముడిలా ఉంది.

"వాళ్ళిద్దరూ ఎవరమ్మా, అలా గోడవార నిలబడే ఉన్నారు? కూర్చోమను" అని కూతురితో అంది అద్దాలాయన అత్తగారు.

ఆవిడ తప్పేం లేదు. కళ్ళజోడు విరిగి చాలాకాలమైంది. అల్లుడు కళ్ళజోళ్ళవాడు కాబట్టి, రేపే చేసిస్తానంటూ రోజులు దొర్లిస్తున్నాడు.

అద్దాలాయన నాలుగు స్పీకర్లకూ అడ్డంగా దుప్పటి కట్టాడు. ఇటు నొక్కితే పాతవీ అటు నొక్కితే కొత్తవీ మోగేలా ఓ మీట అమర్చాడు. అత్తగారినీ భార్యనూ సోఫాలో కూర్చోబెట్టి ఒకే పాటను మార్చి మార్చి వినిపించాడు.

"ఇది బాగుందా?" టక్. "ఇది బాగుందా?"

మీట మార్చినప్పుడల్లా ఆయన చిటికెనవేలు సౌండు మరను సుతారంగా తిప్పుతోంది.

"రెండోది బాగుంది బాబూ" అంది అత్తగారు. "పాడేవాడు కడుపునిండా తిన్నట్టున్నాడు."

అద్దాలాయన మొహం వెలిగిపోయింది. "నీకో?"

"ఇంకోసారి" అంది భార్య. ఆవిడ చూపు స్పీకర్ల వైపు లేదు.

ఇంకోసారి వినిపించాడు. వేలు మరికాస్త తిప్పాడు. "ఇంకోసారి" అంది. పిసరు చిటికెడైంది, చిటికెడు గుప్పెడైంది. ఉత్సాహంలో ఎంత తిప్పాడో ఆయనకే తెలియలేదు. కొత్త స్పీకర్లు ఒక్కసారిగా ఘుమ్మన్నాయి.

వంటింటి అలమరలో గిన్నెలన్నీ కదం తొక్కుతూ అంచుదాకా వచ్చి, ఒకటి తర్వాత ఒకటి దూకేశాయి. గోడగడియారం మేకు ఊడి సోఫా వెనక పడింది. అత్తగారు కాళ్ళు పైకి లాక్కుని కూర్చుంది. మేడమీది డాక్టరమ్మ, జుట్టుకు సగం రంగుతో, చంకలో పిల్లితో మెట్లు దిగొచ్చేసింది.

"భూకంపమండీ! బయటికి రండి!"

"భూకంపం కాదండీ, మా వారు" అంది టీచరు.

డాక్టరమ్మ ఆ మిగతా సగం గుర్తొచ్చి గబగబా పైకెళ్ళిపోయింది. అద్దాలాయన గిన్నెలు ఏరుకొచ్చాడు. ఆయన వంటింట్లో ఉన్నంతసేపూ హాల్లోంచి ఆ పాటే మెల్లగా వినిపిస్తూనే ఉంది. తిరిగొచ్చేసరికి భార్య మీట దగ్గర నిలబడి ఉంది, చేతిలో తువ్వాలుతో.

"ఇప్పుడు మీరు కూర్చోండి."

"నేనెందుకు? నాకు తెలుసుగా!"

"తెలిసినవాళ్ళకి భయమెందుకు?" అంటూ కళ్ళకు గంతలు కట్టేసింది. "చెప్పండి. ఇది బాగుందా?" టక్. "ఇది బాగుందా?"

తన ప్రశ్న తననే అడుగుతుంటే అద్దాలాయనకు ముచ్చటేసింది.

"రెండోది! అడగాలా? మొదటిది తలుపు చాటునుంచి పాడుతున్నట్టుంది. రెండోదానిలో ఆ విశాలత చూడు. గాయకుడు ఊపిరి పీల్చుకోవడం కూడా వినబడుతోంది."

"తొందరపడకండి. మళ్ళీ వినండి." టక్. టక్.

"రెండోదే! వంద సార్లు అడిగినా రెండోదే. కావాలంటే రాసిస్తాను. ఇవి వినడానికే నేను పుట్టాననిపిస్తోందోయ్!"

"అమ్మా, విన్నావుగా?"

"విన్నానమ్మా, సాక్ష్యం చెబుతాను" అంది అత్తగారు.

టీచరు తువ్వాలు విప్పి, దుప్పటి లాగేసింది. మోగుతున్నవి పాత స్పీకర్లు.

అద్దాలాయన నోరు తెరిచాడు. అందులోంచి ట్వీటరు స్వరమే వచ్చింది.

"కానీ... అంత బాగా ఎలా..."

"ఒక్క పిసరు పెంచాను" అంది ఆవిడ, చిటికెనవేలు చూపిస్తూ. "మీ వేలు ఏం చేస్తోందో ఇందాకట్నుంచీ చూస్తూనే ఉన్నాను. ఇన్నేళ్ళుగా పరీక్ష హాల్లో తిరుగుతున్నదాన్ని, బల్ల కింద చెయ్యి కనబడదా?"

అద్దాలాయన తల వంచుకున్నాడు. మీట ఊడదీయడానికి లేచాడు.

"బాబాయ్‌కి ఫోన్ చేసి, వచ్చి తీసుకెళ్ళమంటాను."

"ఎందుకూ? మీరు గిన్నెలు ఏరేటప్పుడు రెండు జతల సౌండూ సమానంగా పెట్టుకుని విన్నాను. కొత్తవి నిజంగానే బాగున్నాయి. పాటలో వీణ ఉందని నాకు ఇవాళే తెలిసింది."

"ఆఁ! మరి నేను అదేగా మొదట్నుంచీ..."

"మీరు వేలు పెట్టకుండా వినిపించుంటే, అప్పుడే ఊఁ అనేదాన్ని. ఇప్పుడు ఇవి ఉంటాయి. నాకు నచ్చాయి కాబట్టి హాల్లో ఉంటాయి, నాకూ అమ్మకూ. మీకు నచ్చినవి మీకు. వంద సార్లు అడిగినా అవేనన్నారుగా, సామాన్ల గదిలో పెట్టుకోండి."

అద్దాలాయన అత్తగారి వైపు ఆశగా చూశాడు.

"రాసిస్తానన్నారు కూడా" అని గుర్తుచేసింది ఆవిడ.

సాయంత్రానికి సామాన్ల గదిలో, పాత సూట్‌కేసుల మీద పాత స్పీకర్లు వెలిశాయి. ఎప్పటిదో చిన్న యాంప్లిఫయర్ దులిపి తగిలించుకుని, విరిగిన స్టూలు మీద కూర్చుని పాట పెట్టుకున్నాడు అద్దాలాయన. తలుపు చాటునుంచి పాడుతున్నట్టే ఉంది. గోడ అవతల కొత్తవి అదే పాట పాడుతున్నాయి. వీణ ఉన్నట్టే ఉంది. ఆయన చెవి గోడకు ఆనించాడు.

"అల్లుడుగారూ!" హాల్లోంచి అత్తగారి గొంతు. "కాస్త మీది తగ్గిస్తారా? ఇక్కడ మాకు పాట సరిగ్గా వినబడట్లేదు."

అద్దాలాయన తగ్గించాడు. ఇంకాస్త తగ్గించాడు. చివరికి పూర్తిగా ఆపేసి, చప్పుడు కాకుండా తలుపు ఓరగా తెరిచి పెట్టుకున్నాడు.