మనోడి ఇంట్లో మన బడి ఫిల్టర్

బడి సామాను మాయం కావడం ఊరికి మంచిదని నా గట్టి నమ్మకం. కాకపోతే ఒక షరతు. మాయం చేసినవాడు మనోడై ఉండాలి!

మర్రిగూడ దిక్కు ఒక ఊరుంది. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్. తాగితే పిల్లల పళ్లు గారపడతాయి, కాళ్లు వంకర తిరుగుతాయి. అది చూడలేక ఎవరో పుణ్యాత్ములు సర్కారు బడికి వాటర్ ఫిల్టర్ ఇచ్చారు. బడి కమిటీ ఛైర్మన్ అమరేందర్ దాన్ని భద్రత కోసం తన ఇంటికి తరలించాడు. ఎంత ముందుచూపు! బడిలోనే ఉంచితే పిల్లలు ఆ నీళ్లన్నీ తాగెయ్యరూ?

డానియల్ అనే టీచర్ పైకి ఫిర్యాదు చేశాడు. ఎంక్వైరీ వేశారు. ఊరు భగ్గుమంది. ఫిల్టర్ పోయినందుకు కాదండీ, అడిగినందుకు.

అందరికన్నా ఎక్కువ మండింది పర్వతాలుకు. గొర్రెలు కాసుకునే మనిషి. అమరేందర్ పార్టీ మారిన ప్రతిసారీ తానూ కండువా మార్చుకుని వెంట నడిచాడు. ఇంతకన్నా నిలకడ ఎక్కడ దొరుకుతుంది? అతని బిడ్డ మల్లిక ఆ బడిలోనే ఆరో తరగతి. ఈమధ్య పళ్లమీద గోధుమరంగు చారలొచ్చి, నవ్వాల్సి వస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. పర్వతాలు అది చూడకపోలేదు. కానీ బిడ్డ పళ్లు ఇంటి విషయం, లీడర్ పరువు ఊరి విషయం.

ఎంక్వైరీ రోజున బడి గేటు ముందు అమరేందర్ ఫ్లెక్సీకి పర్వతాలు పాలాభిషేకం పెట్టుకున్నాడు. పొద్దున పిండిన బర్రె పాలు పట్టుకుని బయల్దేరుతుంటే భార్య సోమమ్మ అడ్డమొచ్చింది.

"గవి పిల్ల తాగే పాలు. నీళ్లెట్లాగు బాగలెవ్వు, పాలన్న తాగనియ్యి."

"రాజకీయం నీకు సమజ్ కాదు తియ్యి," అన్నాడు పర్వతాలు.

పాలు ఫ్లెక్సీ తాగింది. తాగునీటి సంగతి ఆఫీసర్ అడిగితే పర్వతాలే ముందుకొచ్చాడు. "బోరు నీళ్లు మంచిగనే ఉన్నయి సార్. గా పంతులు మనసే మంచిగ లేదు."

ఫైలు మూశారు. డానియల్‌ను బదిలీ చేశారు. చూశారా, ఒక్క మనిషి విశ్వాసం ఎంతమంది ఆఫీసర్లకు పని తప్పించిందో!

సాయంత్రం అమరేందర్ స్వయంగా పర్వతాలు ఇంటికొచ్చి భుజం తట్టాడు. ఇంటికొచ్చినవాళ్లకు ముందు నీళ్లివ్వడం మన మర్యాద కదా, సోమమ్మ బడి బోరులో పట్టిన నీళ్లు చెంబుతో తెచ్చింది.

అమరేందర్ చెంబు ముట్టలేదు. "ఏమనుకోకు చెల్లె, గీ నీళ్లు నాకు పడయ్," అని కారులోంచి సీసా తెప్పించుకున్నాడు.

"మా పిల్ల రోజు గివే తాగుతాంది అన్నా," అంది సోమమ్మ, చెంబు వెనక్కి తీసుకోకుండా.

అమరేందర్ సీసా మూత తిప్పుతూ ఎటో చూశాడు. లీడర్ ఎక్కడ నొచ్చుకుంటాడోనని పర్వతాలు గబుక్కున చెంబు అందుకున్నాడు.

"అన్నకు పడకుంటె ఏమాయె, మనకు అలవాటే గద," అని నవ్వి, గడపలో నిలబడ్డ మల్లిక చేతికిచ్చాడు. పిల్ల తాగింది.

ఎంక్వైరీ మళ్లీ వేస్తే ఏ ఇంటికి పంపాలో నన్నడగండి. అమరేందర్ ఇల్లు కాదు, ఆ చెంబు చేతులు మారిన గడప చూపిస్తాను.