చీఫ్ ఇంజనీరుగారి మీసం

ఆ ఉదయం సిరాబుడ్డిగారు పెట్టుకున్న పని చాలా చిన్నది. కాఫీ చల్లారేలోగా భార్య బొమ్మకి ముక్కు కింద కాస్త నీడ వేసి, అయిందనిపించి, ఆవిడ ఆఫీసుకు పంపించెయ్యాలి. నీటి సరఫరా ఆఫీసులో ఆవిడ ఆ రోజే చీఫ్ ఇంజనీరు కుర్చీ ఎక్కుతోంది. హాల్లో పెద్ద తెర మీద ఫొటో వేస్తామని వాళ్ళంటే, "ఫొటో ఎందుకు? మావారు గీస్తారు" అని పదిమందిలో గొప్పగా చెప్పుకొచ్చింది. ఆ మాట నిలబెట్టడం ఇప్పుడు ఆయన చేతిలో ఉంది.

ఆ చెయ్యి సామాన్యమైనది కాదని ఆయనకు గట్టి నమ్మకం. వారపత్రికలో కథలకు బొమ్మలు వేసినన్నాళ్ళూ పాళీ సిరాలో ముంచి, ఉత్త గీతలతోనే నీడ పుట్టించిన మనిషి. పక్కపక్కన సన్నగీతలు గీస్తే పలచని నీడ, వాటి మీద అడ్డంగా మళ్ళీ గీస్తే చిక్కటి నీడ, బుగ్గ నునుపుకి చుక్కలు. సిరాబుడ్డి అన్న పేరు అక్కడే అంటుకుంది. రిటైరయ్యాక కూతురు టాబ్లెట్ కొనిపెడితే ఆ గాజు పలక మీదా అదే సాధన మొదలుపెట్టారు. ఒక్క బటన్ జోలికి మాత్రం పోలేదు. గీసిన గీతను వెనక్కి తీసుకునే అన్‌డూ అది.

"సిరాకి వెనకడుగు లేదు" అనేవారు, లేని మీసం మెలేస్తూ.

కలం సరిగ్గా ముక్కు కిందికి వచ్చినప్పుడు వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. చెయ్యి ఉలిక్కిపడింది. పై పెదవి మీదుగా చెవిదాకా నల్లటి గీత పడింది.

"నాన్నా, ఆ బాణం గుర్తు నొక్కు, పోతుంది" అంది కాలేజీకి బయల్దేరుతున్న కూతురు.

"నొక్కను. దీన్ని నీడలో కలిపేస్తా, చూస్తూ ఉండు."

"మీసంలా ఉంది నాన్నా!"

"ఒకవైపే ఉంది కాబట్టి అలా ఉంది."

రెండోవైపూ గీశారు. దాంతో అది నిజంగానే మీసమైంది. మీసాన్ని దాచడానికి బుగ్గల కింద అడ్డగీతలు దట్టిస్తే గడ్డమైంది. గడ్డం కనపడకుండా మెడ, మెడతో పొంతన కుదరడానికి నుదురు, నుదుటి కోసం వెనకాల గోడ, అన్నీ నల్లబడుతూ వచ్చాయి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తేవడమంటే ఇదే. ఆయన మాత్రం దీన్ని సాధన అన్నారు.

చేతి గడియారం పెట్టుకుంటూ భార్య తొంగిచూసింది.

"ఎవరండీ ఈయన?"

"నువ్వే."

"మా నాన్నకి కూడా ఇంత మీసం లేదు!"

"కంగారుపడకు. ఇంకాస్త చీకటి పడితే సర్దుకుంటుంది."

"మీ చెయ్యి గురించి అంతమందికీ చెప్పుకున్నానండీ. నా పరువు తీయకండి" అని ఆవిడ వెళ్ళిపోయింది.

ఆ మాట సూటిగా తగిలింది. ఆయన కాఫీ మరిచిపోయి, గీత మీద గీత పేర్చుకుంటూ పోయారు. చివరికి ముఖమంతా నీడలో మునిగి రెండు కళ్ళూ, ఒక బుగ్గ మీద కాస్త వెలుతురూ మిగిలాయి. దూరంగా పెట్టి చూసుకుంటే ఒళ్ళు పులకరించింది. ఆ కళ్ళు అచ్చంగా ఆవిడవే. తన జన్మలో ఇంత మంచి నీడ వెయ్యలేదు.

ఈలోగా ఆఫీసు గుమాస్తా నుంచి సందేశం వచ్చింది. "బొమ్మ ఏదండీ? వెంటనే రిప్లై ఇవ్వండి." కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని వెతికితే బొమ్మ కింద 'రీప్లే పంపు' అని కనిపించింది. "రిప్లైని ఇలా రాస్తారు కాబోలు ఈ కాలం వాళ్ళు" అని సణుక్కుంటూ నొక్కేశారు. అది పంపేది బొమ్మను కాదు. మొదటి గీత నుంచి చివరి గీత దాకా బొమ్మ ఎలా తయారైందో చూపించే వీడియోను.

ఆయన హాలు చేరేసరికి తెర మీద భార్య ముఖం చక్కగా రూపు కడుతోంది. అందరూ ఆహా అంటున్నారు. అంతలో గీత పడింది. మీసం మొలిచింది. హాలు గొల్లుమంది. వేదిక మీద ఆవిడ ముఖం కందగడ్డయింది. స్తంభం చాటుకు జరిగిన సిరాబుడ్డిగారికి ఆ బాణం గుర్తు నొక్కాలని మొట్టమొదటిసారి అనిపించింది.

దిగిపోతున్న పాత చీఫ్ బుర్రమీసాలాయన. చటుక్కున లేచి కళ్ళు తుడుచుకున్నారు.

"నా మీసం! ఈవిడ నా వారసురాలని ఎంత బాగా చెప్పారండీ!"

ఆయన చప్పట్లు కొడితే నవ్వినవాళ్ళకీ కొట్టక తప్పలేదు. గడ్డం వచ్చేసరికి ముందు వరసలో ఎవరో అరిచారు. "అది అంతకుముందు చీఫ్‌గారిది! ఆఫీసు చరిత్రంతా వేసేశారు!"

తర్వాత తెర మీద ముఖమంతా చీకటి కమ్మింది. కళ్ళు మాత్రం మిగిలాయి.

"రాత్రుళ్ళు పైపు పగిలితే, గుంటలో టార్చి వెనకాల మాకు కనిపించేవి ఆ కళ్ళేనండీ" అన్నాడు వెనక నించున్న ఫిట్టర్. ఒకరి తర్వాత ఒకరు అందరూ లేచి నిలబడ్డారు.

ఆవిడ మైకు అందుకుంది. జరిగిందేమిటో ఆ హాల్లో తెలిసింది ఇద్దరికే.

"మావారు గీసిన గీతని చచ్చినా చెరపరు. ఆ మొండిఘటంతో ఇన్నేళ్ళు కాపురం చేశాను. మీ పైపులు నాకో లెక్కా? అదిగో, ఆ స్తంభం వెనక నక్కినాయనే. ఇలా రండి!"

ఆయన ఛాతీ విరుచుకుని నడిచి వచ్చారు. ఆవిడ అందరి ముందూ ఆ చెయ్యి పట్టుకుని పైకెత్తింది.

మర్నాటి నుంచి ఆఫీసువాళ్ళంతా తమ బొమ్మలు గీయమని ఇంటికి వస్తున్నారు. పోలిక కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటారట, మీసం మాత్రం తప్పనిసరి.