కాలు తియ్యకు

ఆ శనివారం పొద్దున కొలాపో వేసుకున్న పథకం చిన్నదే. గంజి పెట్టిన తెల్లబట్టలు తొడుక్కోవాలి, కాబోయే మామ అజిబడే ఇంటికి వెళ్లాలి, ఆయన పికప్‌లో ఇద్దరూ కొండ దిగి పెద్దాయన ఫదైరోను తీసుకురావాలి. ఆ వంశంలో పిల్లనివ్వాలన్నా మానాలన్నా ఫదైరో నోటి మాటే. ఆయన ఊఁ అంటే అజిబడే కూతురు మొరెనికే కొలాపోది. ఊహూఁ అంటే ఇకెరే ఊళ్లో ఒక దర్జీ జీవితాంతం పరాయివాళ్ల పెళ్లిబట్టలు కుట్టుకుంటూ కూర్చోవాలి.

వెళ్లేసరికి అజిబడే డ్రైవరు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కి చూస్తున్నాడు. ఆ బండిలో పెండలం దుంపలు మోసి మోసి బతికిన మనిషి, దాని మోతకు చెవులు కూడా కాస్త మందగించాయి. "దంచిన పెండలం ముద్దలో కాలేసినట్టుందిరా," అన్నాడు. నాలుగుసార్లు కొడితే పెడలు గట్టిపడుతోంది, ఆగితే మళ్లీ నేలకు దిగిపోతోంది. నిన్న వెనక చక్రం దగ్గర ఆయిలు కారుతుంటే లోపలి రబ్బరు తనే మార్చాడట, అప్పుడు గొట్టాల్లో గాలి చేరింది. అది తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడలు తొక్కిపట్టాలి, ఇంకొకరు చక్రం వెనక స్క్రూ వదులు చేసి, గాలీ ఆయిలూ చిమ్మాక బిగించాలి.

కొలాపో తొక్కుతానన్నాడు. వీడికి సూది తప్ప ఏమీ తెలియదన్న మామ అభిప్రాయాన్ని మార్చడానికి ఇంతకంటే మంచి అదను రాదు.

"నేను చెప్పేదాకా కాలు తియ్యకు. అంతే నీ పని," అన్నాడు అజిబడే.

కొలాపో తొక్కిపట్టాడు. అజిబడే చక్రం వెనక పడుకుని స్క్రూ వదులు చేశాడు. సరిగ్గా అప్పుడే బట్టలకు నీలిరంగు అద్దే ముసలమ్మ తలమీద గంపతో వీధిలోకి వచ్చింది. కాబోయే అత్తవారి గుమ్మం ముందు, పెద్దావిడ నేలమీద నడుస్తుంటే కుర్రవాడు ఎత్తున కూర్చుంటాడా? ఆ ఊళ్లో పుట్టినవాడెవడూ కూర్చోడు. కొలాపో కిందికి దూకి బోర్లా సాష్టాంగపడ్డాడు. దీవెన పూర్తయ్యేదాకా లేవకూడదు గనుక లేవలేదు. తర్వాత ఏమీ ఎరగనట్టు ఎక్కి మళ్లీ తొక్కాడు.

ఆవిడ వెనక రిటైరైన హెడ్మాస్టరు వచ్చాడు. ఆయన వెనక మేకలమ్మే తాత. ఇంతలో ముసలమ్మ బజారుకెళ్లి, అజిబడే అల్లుడు తెల్లబట్టలని కూడా చూడకుండా మట్టిలో పడుతున్నాడని, అలాంటి పెంపకం ఈ రోజుల్లో లేదని చెప్పింది. దాంతో ఏ పనీ లేని పెద్దలందరికీ ఆ వీధిలో పనిపడింది. హెడ్మాస్టరయితే మళ్లీ వచ్చాడు.

అజిబడేకు మాత్రం ఎంత తీసినా గాలి తరగడం లేదు. మొదట రబ్బరును తిట్టాడు, తర్వాత దాన్ని అమ్మినవాణ్ణి తిట్టాడు. గొట్టం విప్పి బిగించాడు. చివరికి పెడలు నొక్కితే ఆయిలు తోసే మాస్టర్ సిలిండరే పోయి ఉంటుందని నీరసపడి, మొరెనికేను ఇంకో ఆయిలు డబ్బా తెమ్మని పంపాడు. ఆమె తిరిగొచ్చేసరికి కొలాపో హెడ్మాస్టరు కాళ్ల ముందు బోర్లా ఉన్నాడు. అతను లేచేదాకా ఆగి, దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది.

"నన్ను చేసుకుంటావా, ఊరందర్నీ చేసుకుంటావా?"

"నేనేం చేశాను?"

"నువ్వు కాలు తీసినప్పుడల్లా ఆ స్క్రూలోంచి గాలి లోపలికి పోతోంది. నాన్న పొద్దుట్నుంచీ తీస్తున్నది నువ్వు పెట్టిన గాలే. ఇక రాజుగారొచ్చినా సరే, కదిలావంటే నేను నీకు లేను."

కొలాపో కదలనని ఒట్టేశాడు. చిత్రంగా వీధి కూడా కాసేపు ఖాళీ అయింది. చక్రాల బ్రేకు గొట్టాలు ఒక్కొక్కటే గాలి వదిలించుకున్నాయి. ఆఖరి చక్రానికి కొలాపో తొక్కిపట్టాడు, అజిబడే స్క్రూ తెరిచాడు. వీధి మలుపులో చేతికర్ర చప్పుడైంది. పికప్ కోసం చూసి చూసి విసుగెత్తి, ఎవరిదో మోటారుసైకిలెక్కి కూడలిలో దిగి, నడిచి వస్తున్నాడు ఫదైరో.

పెద్దాయన బండి ముందు నిలబడి, దక్కాల్సిన మర్యాద కోసం ఎదురుచూశాడు. కొలాపో నడుము లేవబోయింది గానీ కాలు లేవలేదు. గుమ్మంలోంచి మొరెనికే కళ్లెర్రజేసి చూస్తోంది. కనీసం తలైనా వంచుదామని వీలైనంత కిందికి వంచాడు. నుదురు హారన్ మీద పడింది.

అజిబడే ఉలిక్కిపడి తల బంపరుకు కొట్టుకున్నాడు. అయినా స్క్రూ బిగించాకే బయటికొచ్చాడు.

"ఎత్తున కూర్చున్నది చాలక తప్పుకోమని హారన్ కూడానా," అన్నాడు పెద్దాయన, గొంతు పెంచకుండా. "నన్ను ఇంటి దగ్గర దింపు, అజిబడే. ఇక్కడ మంచినీళ్లు కూడా ముట్టను."

మొరెనికే జరిగినదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. తండ్రి నోరు తెరిచి విన్నాడు, పెద్దాయన ఆకాశం వంక చూశాడు. కొలాపోను ఎవరూ ఎక్కమనలేదు. తనే వెనక తొట్టిలోకి ఎక్కి కూర్చున్నాడు.

కొండ వాలులో బండి వేగం అందుకున్నాక, పక్కదారిలోంచి కలప లారీ ఒకటి అడ్డంగా దూసుకొచ్చింది. అజిబడే బ్రేకు మీద కాలేశాడు. పెడలు రాయిలా నిలబడింది. పికప్ కీచుమని ఆగిపోయింది, లారీ బెత్తెడు ఎడంగా దాటి తన దారిన తాను పోయింది.

"పెదనాన్నా," అన్నాడు అజిబడే ఊపిరి కూడదీసుకుని, "వాడు ఇందాక మీకు లేచి మొక్కి ఉంటే, ఈపాటికి మనిద్దరం పైనున్న మీ నాన్నగారికి మొక్కుతూ ఉండేవాళ్లం."

ఫదైరో కర్ర అందుకుని దిగి, బండి ముందుకెళ్లి నిలబడ్డాడు.

"ఊరందరికీ పెట్టావటగా దండాలు. నాదేదిరా, అల్లుడా?"

కొలాపో తొట్టిలోంచి దూకి, పికప్ ముందు చక్రాల ఎదుటే, ఆ వాలు రోడ్డు మీద పొడుగ్గా సాగిలపడ్డాడు. పెద్దాయన దీవెన పిల్లలతో మొదలై, మనవల మీదుగా కుట్టుమిషను దాకా వెళ్లి, మళ్లీ పిల్లల దగ్గరికొచ్చింది. వెనక బళ్లు బారులు తీరాయి. అజిబడే రెండు కాళ్లూ బ్రేకు మీదే అదిమిపెట్టి, చెమటలు కక్కుతూ, అల్లుడి వీపు మీంచి చూపు తిప్పకుండా ప్రతి దీవెనకూ తథాస్తు అన్నట్టు "అషే, అషే" అంటూనే ఉన్నాడు.

హ్యాండ్ బ్రేకు ఏనాడో పోయిందన్న సంగతి మాత్రం ఆయన అల్లుడికి పెళ్లయ్యాకే చెప్పాడు.