ఓవెన్‌లో దమయంతి

రాజారావు ఆ రోజుకి పెద్ద పనులేమీ పెట్టుకోలేదు. పొద్దున్నే కాఫీ కలుపుకోవాలి, రికార్డు ప్లేయర్ ముల్లు తుడవాలి, మధ్యాహ్నం భోజనాలకు వచ్చేవాళ్లకి ఒక పాట వినిపించాలి. అంతే. ఆ ఒక్క పాట కోసం ఆయన ఏడాదిగా ధైర్యం కూడగట్టుకుంటున్నాడు.

ఆయన భార్య దమయంతి పోయి ఆ రోజుకి ఏడాది. తిథి ప్రకారం జరగవలసినవన్నీ గుళ్లో జరిగిపోయాయి. ఈ భోజనాలు మాత్రం ఆయన సొంతంగా పెట్టుకున్నవి. అరిజోనాలోని చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో పనిచేసి రిటైరైన రాజారావుకి పాత రాక్ సంగీతమంటే ప్రాణం. లెడ్ జెప్పెలిన్, పింక్ ఫ్లాయిడ్ లాంటి పేరున్నవాళ్లంటే గౌరవమే కానీ, ప్రేమ మాత్రం ఆ రోజుల్లో ఎవరూ పట్టించుకోని బృందాల మీద. వాటిలో ఆయన నెత్తిన పెట్టుకున్నది కాపర్ లాంటర్న్. డెబ్బైల్లో ఒహాయోలో వెలిగి, ఒకే ఒక ఎల్పీ రికార్డు చేసి, అక్కడే ఆరిపోయారు. వాళ్ల పాటలు ఇంటర్నెట్‌లో వెతికినా దొరకవు.

"ఎవరూ విననిది గొప్పదని నీకెలా తెలుసోయ్?" అనేవాడు స్నేహితుడు యజ్ఞనారాయణ. ఆయన రిటైరైన డాక్టరు. పేరున్న బృందాలు తప్ప మరేవీ వినడు.

"ఎవరూ వినలేదు కాబట్టే" అనేవాడు రాజారావు. పొద్దుటి వాకింగ్ అంతా వాళ్లిద్దరికీ ఇదే గొడవ.

ఆ రికార్డు రెండో వైపు మూడో పాట రాజారావుకి మరీ ఇష్టం. శనివారం సాయంత్రం అది మొదలయ్యేసరికి వంటింట్లోంచి మిక్సీ మోగేది. కాపురం చేసినన్నాళ్లూ అదే వరస. అలాంటి దమయంతి ఆసుపత్రి మంచం మీద, "ఆ లాంతరు వాళ్ల పాట ఒకసారి వినిపిస్తారా?" అని అడిగింది. "రేపు ప్లేయర్ తెస్తా" అన్నాడు. ఆ రేపటికి ఆవిడ లేదు. ఆవిడ ఆ పాట నచ్చి అడగలేదనీ, పోయే ముందు మొగుడి పిచ్చికి ఒక దండం పెట్టిందనీ ఆయన నమ్మకం. అయినా అడిగింది కదా. ఇవ్వలేకపోయాడు. ఆ తరువాత ఆ రికార్డు అట్ట తెరవడానికి ఆయనకు చేతులు రాలేదు.

ఇప్పుడు ఆ అట్టని భోజనాల వేళదాకా ఎక్కడ దాచాలన్నది సమస్య. బల్ల మీద పెడితే చాండ్లర్ ఎండ కిటికీలోంచి వచ్చి కూర్చుంటుంది. అలమారలో పెడితే యజ్ఞనారాయణ పులిహోర చేత్తో తీసి చూస్తాడు. ఆలోచించి, ఇంట్లో అన్నిటికన్నా భద్రమైన చోటు ఓవెన్ అని తేల్చాడు. ఓవెన్ ఉన్నది బేకింగ్‌కని అమెరికావాళ్లు అనుకుంటారు. మన ఇళ్లలో అది మూకుళ్ల బీరువా. దమయంతి దాన్ని ఒక్కసారి కూడా వెలిగించిన పాపాన పోలేదు. రాజారావు ఆవిడ దోసెల పెనం, బూరెల మూకుడు బయటికి తీసి గరాజ్‌లో పెట్టి, రికార్డుని అట్టతో సహా ఓవెన్‌లో ఒంటరిగా పడుకోబెట్టాడు.

"కాసేపు ఓపిక పట్టు" అని చెప్పి తలుపు మూశాడు.

కూతురు చంద్రిక, అల్లుడు ధృవ్ ముందు రోజే వర్జీనియాలోని ఆష్‌బర్న్ నుంచి వచ్చారు. ధృవ్ న్యూజెర్సీలో పుట్టి పెరిగినవాడు, చాలా మంచివాడు. ఆ మంచితనమే కొంప ముంచింది. కేటరింగ్ వాళ్లు తెచ్చిన గుత్తివంకాయ కూర చల్లారిపోయిందని చూశాడు. అతను పెరిగిన ఇంట్లో ఓవెన్ ఎప్పుడూ ఖాళీయే. తలుపు తీసి చూడాలన్న ఆలోచన రాలేదు.

"మామయ్యగారు, నేను కర్రీ వార్మ్ చేస్తాను. ఫస్ట్ ప్రీహీట్ చెయ్యాలి" అంటూ నాలుగొందల డిగ్రీలకి తిప్పి, ప్లేట్లు సర్దడానికి వెళ్లిపోయాడు.

హాల్లో ప్లేయర్ తుడుస్తూ, ఒహాయో గొప్పతనం గురించి యజ్ఞనారాయణకి పాఠం చెబుతున్న రాజారావు ఆ మాట వినలేదు.

"ఏదో మాడుతున్నట్టు లేదూ?" అంది యజ్ఞనారాయణ భార్య మీనాక్షి.

"పక్కింటివాళ్లు గ్రిల్ పెట్టుంటారు" అన్నాడు యజ్ఞనారాయణ.

ఇంతలో స్మోక్ అలారం కూత పెట్టింది. రాజారావు వంటింట్లోకి పరుగెత్తాడు. ఓవెన్ ఎర్రగా వెలుగుతోంది. సందుల్లోంచి నల్లటి పొగ వస్తోంది.

"అయ్యో! ఎవరు వెలిగించారు? అందులో నా దమయంతి ఉంది!"

ధృవ్ ఆ మాట విన్నాడు. అత్తగారి చితాభస్మం కొంత మామగారు ఇంట్లోనే దాచుకున్నారనీ, దాన్ని ఇప్పుడు తాను రెండోసారి కాల్చాననీ అర్థం చేసుకున్నాడు. వెంటనే 911కి ఫోన్ చేశాడు. లోపల మనుషులెవరైనా ఉన్నారా అని అవతలి అమ్మాయి అడిగింది. ధృవ్ అబద్ధం చెప్పలేడు. తన అత్తగారు ఓవెన్‌లో ఉన్నారని మామగారు అంటున్నారని ఉన్నదున్నట్టు చెప్పాడు.

ఫైరింజన్‌తో పాటు అంబులెన్స్, రెండు పోలీసు కార్లు కూడా వచ్చాయి.

అవి వచ్చేలోపే మీనాక్షి ఓవెన్ ఆపి, మంట కనబడేసరికి గిన్నెడు మజ్జిగ అందులో కుమ్మరించింది. కరివేపాకుతో సహా. ఫైర్ మనిషి కడ్డీల మీంచి నల్లగా కారి గడ్డకట్టిన దాన్ని బయటికి లాగి, ఇదేమిటని అడిగాడు.

"పాట" అన్నాడు రాజారావు.

పోలీసు ఆఫీసర్ గొంతు సవరించుకుని, మీ భార్య ఎక్కడున్నారని అడిగాడు.

"పోయింది."

"ఎప్పుడు?"

"ఇవాళ్టికి ఏడాది."

ఆఫీసర్ ఆ నల్ల ముద్దనీ, నేల మీద కూలబడిన ముసలాయననీ మార్చి మార్చి చూశాడు. తరువాత టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. విచారణ అక్కడితో అయిపోయింది. వాళ్లు కిటికీలన్నీ తెరిచి, మెల్లగా మాట్లాడుకుంటూ వెళ్లిపోయారు.

రాజారావు మజ్జిగలోనే కూర్చుని ఏడ్చాడు. "ఒక్కటి అడిగిందోయ్. ఇన్నేళ్లలో ఒక్కటి. అదీ ఇవ్వలేకపోయాను."

ధృవ్ "సారీ మామయ్యగారు" అని అన్నదే అంటున్నాడు. యజ్ఞనారాయణకి ఓదార్చడం చేతకాదు. పక్కన చతికిలబడి, ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి ఆ ముద్దని తిప్పి చూశాడు. మజ్జిగ పడ్డచోట, రికార్డు మధ్యలో పేరుండే కాగితం ఓ ముక్క కాలకుండా మిగిలింది.

"ఒరే, మీ ఒహాయోవాళ్లు తెలుగులో పాడేవాళ్లా?"

కాగితం మీద 'భక్తి గీ' అని తెలుగు అక్షరాలున్నాయి.

మీనాక్షి గబగబా పూజగది అలమార దగ్గరికి వెళ్లి, దమయంతి భక్తి గీతాల రికార్డు అట్ట తెచ్చింది. అది దేవుడి పాటలదని రాజారావు ఏనాడూ ముట్టుకోలేదు. తెరిస్తే లోపల కాపర్ లాంటర్న్ ఉంది.

"మీరిద్దరూ వాకింగ్‌కి వెళ్లగానే మేమిద్దరం ఇదే పెట్టుకునేవాళ్లం అన్నయ్యగారూ. రెండో వైపు మూడో పాట. వారమంతా మా చేతికందేలా వదిన దీన్ని పూజగదిలోనే ఉంచేది. మీరు అట్టలు తడిమి చూస్తారు కదా, ఖాళీగా ఉంటే పట్టేస్తారని అందులోది ఇందులోకి, ఇందులోది అందులోకి మార్చేది. శనివారం మీరు వింటారని పొద్దున్నే మళ్లీ ఎవరిది వాళ్లకి పెట్టేసేది."

దమయంతిని ఆసుపత్రికి తీసుకెళ్లింది బుధవారం.

"మరి ఆ మిక్సీ?" అన్నాడు రాజారావు.

మీనాక్షి మొగుడి వంక చూసింది. ఆయన చెప్పెయ్యమన్నట్టు తలూపాడు.

"పాట మీద కోపం కాదండీ. పాట మొదలవగానే మీరు మొదలవుతారు కదా, గిటారెవరు, డ్రమ్సెవరు అంటూ. 'పాట విననివ్వరు వదినా, మిక్సీయే నయం' అనేది."

"నాకు చెప్పొచ్చు కదమ్మా."

"మీరెక్కడ చెప్పనిచ్చారు?"

రాజారావు లేచి చేతులు కడుక్కున్నాడు. ప్లేయర్ మీద రికార్డు పెట్టి, ముల్లు మూడో పాట మీద దించాడు. ఆ పాట దగ్గర రికార్డు బాగా అరిగిపోయి ఉంది. చిటపటల వెనక పాట మొదలైంది. అందరూ కూర్చున్నారు. ఆయన పెదవులు బిగించుకుని విన్నాడు. ఇన్నేళ్లకి ఆ పాట నిజంగా విన్నది అదే మొదటిసారి. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని ఒక్కసారైనా వినలేకపోయామే అనుకున్నాడు.

మధ్యలో గిటార్ ఒంటరిగా మోగింది. పాడు అలవాటు ఊరుకోలేదు.

"ఇది వాయించినవాడు తరువాత టైర్ల షాపు…"

అని ఆగిపోయి వంటింటి వైపు చూశాడు. అక్కణ్నించి ఏ చప్పుడూ రాలేదు. ఆయన అలాగే చూస్తూ ఉండిపోయాడు. చూసి చూసి చంద్రిక లేచింది. జారుతున్న నేల మీద మెల్లగా నడిచి వెళ్లి, అమ్మ మిక్సీ ఆన్ చేసింది.

ఖాళీ మిక్సీ తిప్పితే మోటారు కాలిపోతుందని మీనాక్షి అనబోయింది కానీ, ఆ ఇంట్లో ఆ పూటకి కాలవలసింది ముందే కాలిపోయింది.