ఏడో పేజీ కింద పద్నాలుగు సంతకాలు

ఆ రోజు లెక్కల టీచరు వేసుకున్న పథకంలో తప్పడానికి వీలున్న మెట్టు ఒక్కటీ లేదు. మొదటి గంట కొట్టేలోగా బడి ఆఫీసులో అక్క కథకు జిరాక్సు తీయాలి. అసలు ప్రతి బీరువాలో దాచుకోవాలి. నకలును నాలుగింటిలోగా పోస్టులో వేయాలి. పత్రికవాళ్ళ కథల పోటీకి అదే ఆఖరి రోజు.

కథ రాసిన అక్క మూడు నెలల క్రితం పోయింది. విద్యాశాఖ కార్యాలయంలో ముప్పై ఏళ్ళు టైపిస్టుగా చేసి, రిటైరయ్యాక ఆడవాళ్ళు ఏలే దేశం ఒకటి కట్టుకుంది, పన్నెండు పేజీల్లో. తన పాత మిషను మీద కొట్టుకున్నది కాబట్టి ఇంకో ప్రతి లేదు. అప్పట్లో లెక్కల టీచరు చదివి, "ఇందులో కొత్తగా ఊహించిందేముందక్కా? ఉన్నదాన్ని తలకిందులు చేశావంతేగా?" అంది.

"తలకిందులు చేస్తే జేబులో ఉన్నవన్నీ రాలతాయే. ఏం రాలతాయో చూద్దామని," అంది అక్క, కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఏం రాలాయో అడగడానికి ఆ తర్వాత వీలు చిక్కలేదు.

జిరాక్సు మిషను ఆరు పేజీల దాకా బుద్ధిగా పనిచేసి ఏడో పేజీ దగ్గర మొరాయించింది. ఇంతలో గంట కొట్టారు. లెక్కల టీచరు బయటున్న కాగితాలన్నీ కవరులో కుక్కుకుని తరగతికి పరిగెత్తింది. ఏడో పేజీ మాత్రం మిషను మూత కింద ఉండిపోయింది.

కథలో అది ఆ దేశపు మంత్రిణి బడులన్నిటికీ పంపిన ఉత్తర్వు. ముప్పై ఏళ్ళ చెయ్యి కాబట్టి, పైన 'విషయం', అడుగున 'తక్షణమే అమలులోకి వచ్చును', అన్నీ ఉండవలసిన చోటే ఉన్నాయి. అటెండరు మూత ఎత్తి చూసి, ఆఫీసు కాగితమేననుకుని, జిగురు దండిగా పూసి సర్క్యులర్ల పుస్తకంలో అంటించాడు. హెడ్మాస్టరు ఫోనులో మాట్లాడుతూనే దాని కింద పుస్తకం పేజీ మీద సంతకం పెట్టాడు. పుస్తకం తరగతి తరగతికీ తిరిగింది. పద్నాలుగు మంది మగ టీచర్లూ పాఠం ఆపకుండా ఆ కాగితం అడుగునే 'చూశాను' అని రాసి సంతకాలు చేశారు. లెక్కల టీచరు కూడా బోర్డు మీంచి చూపు తిప్పకుండా పుస్తకం అంచున ఓ సంతకం గిలికింది.

మూడో పీరియడ్ ఖాళీ. కవరు విప్పి పేజీలు లెక్కపెడితే ఒకటి తగ్గింది. రెండోసారి లెక్కపెడుతుండగా స్టాఫ్ రూములోంచి డ్రిల్లు మాస్టారి కేక వినిపించింది.

"ఏవిటండీ ఇది! 'పురుష ఉపాధ్యాయులు సాయంత్రం ఐదు దాటాక బడిలో ఉండరాదు. ఉండవలసి వస్తే ఇంటి నుంచి స్త్రీ ఎవరైనా వచ్చి తీసుకువెళ్ళవలెను' అట!"

"కింద చదవండి. వరండాలో గట్టిగా నవ్వకూడదట మనం," అన్నాడు సోషల్ మాస్టారు.

"ముదురు రంగు చొక్కాలు పిల్లల ఏకాగ్రత చెడగొడతాయట. నాకున్నవే రెండు, రెండూ ఎరుపే!" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"ముందు టీ సంగతి చూడండి సార్," అంది లైబ్రేరియన్ మేడం, కుర్చీలో వెనక్కి వాలి. "టీ కాచి అందించే బాధ్యత ఈ రోజు నుంచి మీదే. తక్షణమే అని ఉంది."

సోషల్ మాస్టారు అప్పటికే ఇంటికి ఫోను చేస్తున్నాడు. "ఐదింటికి నువ్వొచ్చి తీసుకెళ్ళాలే... కాలికేం కాలేదు... ఊరికే నవ్వకు, ఇక్కడ నవ్వకూడదు!"

లెక్కల టీచరు తిన్నగా హెడ్మాస్టరు గదికి వెళ్ళింది. "సార్, అది సర్క్యులర్ కాదు. మా అక్క రాసిన కథలో పేజీ. పొరపాటున మిషనులో వదిలేశాను. ఇంకో ప్రతి లేదు సార్, నాలుగింటికల్లా పంపాలి."

హెడ్మాస్టరు పుస్తకం తెప్పించి, తన సంతకం చూసుకుని, అప్పుడు పైనున్నది చదివాడు. ముఖం ఎర్రబడింది. "అంటే నేను కథల మీద సంతకం పెడతాననా మీ ఉద్దేశం?"

"చదివి పెట్టారా సార్?"

"అక్షరం అక్షరం!" అని బల్ల గుద్దాడు. దాంతో ఆ దేశపు మంత్రిణి ఉత్తర్వు ఈ బడిలో నిజంగానే అమల్లోకి వచ్చింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మగ టీచర్లందరూ గుంపుగా హెడ్మాస్టరు గదికి వచ్చారు, వెనకే లెక్కల టీచరూ లైబ్రేరియన్ మేడమూ. డ్రిల్లు మాస్టారు ఉత్తర్వు ప్రకారం కరెంటు టీ కెటిల్ కూడా పట్టుకొచ్చాడు.

"ఐదు దాటితే మాకేమవుతుంది సార్? నేను తొంభై కిలోలు ఎత్తుతాను!"

"మీ భద్రత కోసమేనయ్యా," అన్నాడు హెడ్మాస్టరు. అప్పటికి ఆయనకే నమ్మకం కుదిరింది. "మిమ్మల్ని అనుమానించి కాదు. లోకం మంచిది కాదు. అయినా ఇదేం కొత్తా? ఇలాంటిది పదకొండేళ్ళ క్రితమే వచ్చింది. ఏయ్, ఆ పాత పుస్తకం తీసుకురా!"

అటెండరు దుమ్ము దులిపి తెచ్చాడు. హెడ్మాస్టరు పేజీ తీసి, "చదవండమ్మా గట్టిగా," అని లెక్కల టీచరుకు ఇచ్చాడు.

ఆమె చదివింది. ఐదు గంటల తర్వాత ఉండరాదు. ఇంటి నుంచి ఎవరైనా వచ్చి తీసుకువెళ్ళవలెను. గట్టిగా నవ్వరాదు. రంగులు, టీ, అన్నీ అవే మాటలు, అదే వరస. పురుష అన్నచోట మహిళా అని ఉంది, స్త్రీ అన్నచోట పురుషుడు అని ఉంది. అడుగున తన సంతకం కూడా ఉంది, 'చూశాను' అని. ఎడమ మూలన టైపు చేసినవారి పొడి అక్షరాలు రెండున్నాయి. అవి అక్కవి.

ఆమె ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. అక్క ఊహించినది ఒక్క అక్షరమూ లేదన్నమాట.

"ఇది... ఇంకా అమల్లోనే ఉందా?" అన్నాడు డ్రిల్లు మాస్టారు నెమ్మదిగా.

"ఇన్నాళ్ళూ మీకు టీ ఎక్కణ్ణుంచి వస్తోందనుకున్నారు సార్?" అంది లైబ్రేరియన్ మేడం.

డ్రిల్లు మాస్టారు కెటిల్ ప్లగ్గు పెట్టి, కప్పులు సర్దడం మొదలెట్టాడు. చివరికి సోషల్ మాస్టారు, "రద్దు చేసెయ్యండి సార్," అన్నాడు.

"ఏది? పాతదా, కొత్తదా?" అంది లెక్కల టీచరు. "ఒకటి ఉంచి ఒకటి తీసెయ్యడానికి కారణం రాయాలిగా సార్. ఏమని రాస్తారు?"

హెడ్మాస్టరు కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. కారణం దొరకలేదు. పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, 'ఈ బడి వరకు రెండునూ రద్దు' అని రాశాడు. ఈసారి పద్నాలుగు మందీ మూడుసార్లు చదివి సంతకాలు పెట్టారు.

"రద్దయిన కాగితం నాకిచ్చెయ్యండి సార్," అంది లెక్కల టీచరు. అప్పటికి మూడూ ఇరవై. పేజీ మాత్రం జిగురుకు కరుచుకుని ఉంది. లాగితే చిరుగుతుంది. డ్రిల్లు మాస్టారు గడ్డం గోక్కుని, కెటిల్ మూతి దగ్గర పుస్తకం పట్టుకుని, ఆవిరికి ఒక్కో అంచూ తడిపి, తొంభై కిలోలెత్తే వేళ్ళతో పసిపిల్ల జడ విప్పినట్టు ఆ పేజీ ఊడదీశాడు. "టీ పని నాకు అప్పజెప్పబట్టి సరిపోయింది," అన్నాడు. మళ్ళీ జిరాక్సు తీసే వ్యవధి లేదు. లెక్కల టీచరు పన్నెండు పేజీల అసలు ప్రతినే కవరులో పెట్టి, నాలుగింటికి రెండు నిమిషాలుండగా పోస్టాఫీసు కిటికీలోంచి లోపలికి అందించింది.

రెండు నెలలకు కథ తిరిగొచ్చింది. సంపాదకుడి ఉత్తరం మర్యాదగానే ఉంది: 'శైలి బాగుంది. ఏడో పేజీ కింద రకరకాల చేతిరాతల్లో మీరే సంతకాలు పెట్టడం చమత్కారమే. కానీ చదువుకున్న మగవాళ్ళు పద్నాలుగు మంది ఇలాంటి ఉత్తర్వుకు మారుమాట లేకుండా సంతకాలు చేస్తారంటే పాఠకులు నమ్మరు. ఊహకైనా ఒక హద్దుండాలి.'

లెక్కల టీచరు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, అడుగున 'చూశాను' అని రాసి, సంతకం పెట్టి, అక్క కథతో పాటు బీరువాలో దాచింది.