నీటి గుంటలో పెద్దాయన

ఆ రోజు పొద్దుటికి కోడలు వేసుకున్న ప్లానులో పులి లేదు. ఆరింటికి మామగారికి టీ, ఆ తరవాత బీపీ మాత్ర, మోకాలికి నూనె, ఎనిమిదింటికి ఆడపడుచు ఫోను. పులిని చూసే పని భర్తకి వదిలేసింది. అతను ఆఫీసులో ఎవరినో బతిమాలి తెచ్చుకున్న పొడుగు లెన్సు కెమెరా మెడలో వేసుకుని, తెల్లవారుతుండగానే మొదటి జీపులో వెళ్ళిపోయాడు. అడవిలో జంతువుల్ని చూడడానికి కట్టిన లాడ్జి అది. పది కాటేజీలు, చుట్టూ కంచె, కంచెకి అవతల అడవి. జీపు కుదుపులు పడవని మామగారిని గదిలోనే ఉంచారు. ఆయనకి కాపలాగా కోడలు ఉండిపోయింది.

అసలు గండం ఎనిమిదింటి ఫోనే. ఆడపడుచుని ఇంట్లో చిట్టి అంటారు. పేరే చిట్టి, గొంతు కాదు. మోకాలు బాగాలేని తండ్రిని అడవిలోకి ఈడ్చుకుపోతారా అని నెల రోజులు దెబ్బలాడి, చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. అక్కడ సెల్లులు పనిచెయ్యవు గనక రోజూ ఎనిమిదింటికి లాడ్జి ఫోనుకి తను చేస్తుంది. తండ్రి స్వయంగా మాట్లాడాలి. ఆయనకి ఏ చిన్న తేడా వచ్చినా, తిరిగి రాగానే తన ఇంటికి తీసుకుపోతుంది. చుట్టపుచూపుగా కాదు, పెట్టెతో సహా.

కోడలికి ఆ పెట్టె కదలడం బొత్తిగా ఇష్టం లేదు. సాయంత్రం తను ఆఫీసునుంచి రాగానే తలుపు తీసి, "ఇవాళ మీ సూపర్నెంటు ఏమన్నాడమ్మా?" అని అడిగి, మొత్తం ఓపిగ్గా విని, "వాడొట్టి వెధవ" అని తీర్పు చెప్పే మనిషి ఆ ఇంట్లో ఆయనొక్కడే. భర్త కూడా వినేవాడే గాని, తప్పు ఇద్దరిలోనూ ఉందనేవాడు.

కోడలికి ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ఆ లాడ్జిలో పనిచేసేవాళ్ళెవరూ పులిని పులి అనరు. పేరు పెట్టి పిలిస్తే కనపడదని వాళ్ళ నమ్మకం. 'పెద్దాయన' అంటారు. వచ్చారు, వెళ్ళారు, పడుకున్నారు అని ఎంతో మర్యాదగా చెప్పుకుంటారు. ముందురోజు సాయంత్రం మేనేజరు అతిథుల్ని కూర్చోబెట్టి ఈ విషయం వివరిస్తున్నప్పుడు, కోడలు రిసెప్షన్లో ఫోను పట్టుకుని స్వెట్టర్లు రెండు తెచ్చామని చిట్టికి ఒట్టేసి చెబుతోంది. భర్త కెమెరా బ్యాటరీ కోసం సంచులు తిరగేస్తున్నాడు. ఇక మామగారిని వాళ్ళింట్లోనూ, వాళ్ళ వీధిలోనూ అందరూ అనేది కూడా పెద్దాయననే.

ఆరున్నరకి మామగారు వరండాలో పేము కుర్చీలో కూర్చుని టీ తాగుతుండగా కోడలు స్నానానికి వెళ్ళింది. వేణ్ణీళ్ళు రావడానికి పావుగంట పట్టింది. బయటికి వచ్చేసరికి కుర్చీ ఖాళీ. చేతికర్ర గోడకి ఆనించే ఉంది. మంచాల కింద కూడా చూసి, ఆమె గదిలో ఫోనెత్తింది.

"పెద్దాయన కనపడడం లేదండీ," అంది.

"కంగారు పడకండి మేడమ్. మూడు రోజులుగా ఆయన ఎవరికీ కనపడలేదు," అన్నాడు రిసెప్షన్ గుమాస్తా.

"మూడు రోజులేమిటి? ఇప్పటిదాకా మా వరండాలోనే కూర్చున్నారు."

గుమాస్తా గొంతు తగ్గించాడు. "మీ వరండాలోనా?"

"ఆరో నంబరు. స్నానం చేసి వచ్చేసరికి లేరు. అసలే ఆ కాలితో ఎంతదూరం వెళ్ళారో ఏమో."

"కాలు కూడా చూశారా మీరు?"

"చూడకేం? వాపు అలాగే ఉంది."

గుమాస్తాకి ఇక అనుమానం మిగల్లేదు. ఆ అడవిలో పెద్దపులి ముందుకాలు వాచి కుంటుతోందని లాడ్జి అంతటికీ తెలుసు. దాన్ని చూడడానికి పట్నం నుంచి జంతువుల డాక్టరమ్మ ఆ పొద్దున్నే రావలసి ఉంది. తలుపు గడియ వేసుకుని లోపలే ఉండమని కోడలికి చెప్పి, అతను గంట కొట్టాడు. కాటేజీల తలుపులన్నీ టపటపా పడ్డాయి. అడవిలోకి వెళ్ళిన జీపులకి వైర్‌లెస్‌లో కబురు వెళ్ళింది. ముసలాయన కనపడకపోతే తను గడియ ఎందుకు వేసుకోవాలో కోడలికి అర్థం కాలేదు గాని, ఇంత చిన్న విషయానికి గంట కూడా కొట్టారంటే లాడ్జి మంచిదేననుకుంది.

పది నిమిషాల తరవాత గదిలో స్పీకరు గరగరలాడింది. "అందరికీ మనవి. పెద్దాయన ఆరో నంబరు వరండా దిగి నీటి గుంట దగ్గరికి చేరుకున్నారు. కుంటుతున్నారు. ప్రస్తుతం నీళ్ళలో దిగి కూర్చున్నారు. ఎవరూ దగ్గరికి వెళ్ళకండి. వయసు మీద పడింది, కదిలిస్తే చిరాకు పడతారు."

ప్రతి ముక్కా నిజమే అనిపించింది కోడలికి. ఆయన చిరాకు సంగతి వీళ్ళకెలా తెలిసిందా అని ఒక్క క్షణం ఆలోచించింది. చిట్టి ముందే ఫోను చేసి చెప్పి ఉంటుంది. కాని నీళ్ళలో దిగి కూర్చోవడమేమిటి? ఈ చలిలో, ఆ ఛాతీతో? ఎనిమిదింటికి ఆయన ఫోనందుకుని ఒక్క తుమ్ము తుమ్మితే చాలు. తువ్వాలు, స్వెట్టరు, మంకీ క్యాపు, వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, మందుల పెట్టె సంచిలో కుక్కుకుని ఆమె గడియ తీసింది.

గేటు దగ్గర గార్డు అడ్డం వచ్చాడు. బయటికి వదలడానికి వీల్లేదన్నాడు. ఎనిమిదిలోపు పెద్దాయనకి మందు వెయ్యాలని ఆమె సంచి తెరిచి చూపించింది. గార్డు మందుల పెట్టె వంకా, ఆమె వంకా చూసి, చేతులు జోడించాడు. పట్నం నుంచి వచ్చింది మీరేనా అని అడిగాడు. పట్నం నుంచే కదా వచ్చింది, అవునంది. రెండు నిమిషాల్లో జీపు వచ్చింది. డ్రైవరు, పక్కన జాడలు పట్టే పెద్ద ట్రాకరు. వెనక సీటు తుడిచి మరీ ఆమెని కూర్చోబెట్టారు.

కొంత దూరం వెళ్ళాక ట్రాకరు వెనక్కి తిరిగాడు. "మీకు భయం వెయ్యదా అమ్మా?"

"మొదట్లో వేసేది. గొంతు వింటేనే వణికేదాన్ని," అంది కోడలు. "ఇప్పుడు నేను గట్టిగా ఒక్క మాటంటే, నోరు మూసుకుని మింగేస్తారు."

"మందు ఎలా పెడతారు?"

"అరటిపండులో."

ట్రాకరు డ్రైవరు వంక చూశాడు. "పండు తింటారా?"

"తినక ఏం చేస్తారు? మాంసం మానిపించి నాలుగేళ్ళైంది. మొదట్లో పళ్ళెం విసిరేసేవారు. ఇప్పుడు గోధుమ జావ పోసినా తాగుతారు."

ముప్ఫై ఏళ్ళుగా అడవిలో తిరుగుతున్న ట్రాకరు తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. సంచిలోంచి తొంగి చూస్తున్న మంకీ క్యాపు చూసి అదెందుకని అడిగాడు.

"చెవుల్లోకి గాలి పోతే ఆయనకి పడదు," అంది కోడలు. డ్రైవరు జీపు వేగం తగ్గించాడు. అతనికి పులి మీద గౌరవం మొదటిసారి సడలినట్టుంది.

నీటి గుంటకి ఇవతల అప్పటికే రెండు జీపులు ఊపిరి బిగబట్టుకుని నిలబడి ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో ఆమె భర్త, ఒక కన్ను మూసుకుని, రెండో కన్ను లెన్సుకి అతికించి, జన్మ ధన్యమైనట్టు కూర్చున్నాడు. ఇవేవీ కోడలి కంటపడలేదు. ఆమెకి కనపడిందల్లా రెల్లుగడ్డి సందులోంచి, నీళ్ళలో నానుతున్న ఒక వీపు ముక్క. వాచీ చూసుకుంది. ఏడూ నలభై. ట్రాకరు పట్టుకునేలోగా జీపు దిగి, తువ్వాలు దులుపుకుంటూ గట్టు మీదికి నడిచింది.

"చాల్లెండి, ఎంతసేపు నానతారు?" అంది, పదకొండేళ్ళుగా వాడుతున్న గొంతుతో. "లేచి రండి. మాత్ర వేసుకోవాలి."

రెల్లుగడ్డి కదిలింది. బుంగంత తల ఒకటి ఇటు తిరిగింది.

మామగారు ఉండవలసిన చోట పులి ఉంది. కోడలి కాళ్ళు అక్కడే పాతుకుపోయాయి. ఆ స్థితిలో కూడా ఆమె చూపు మొదట పులి పొట్ట మీదికి వెళ్ళింది. లోపలికి పోయి ఉంది. ఎంతో కొంత ఊరట.

పులి ఆమెని చూసింది, తువ్వాలు చూసింది. ఆ మాట తీరు దానికి నచ్చలేదో, ఇంకెందుకని అనుకుందో తెలియదు. నిదానంగా లేచి, ఒళ్ళు విదిల్చుకుని, కుంటుకుంటూ అవతలి ఒడ్డెక్కి పొదల్లోకి వెళ్ళిపోయింది. కెమెరా దించి చూసిన భర్త, కట్టుకున్న భార్యని పులికి పదిహేను గజాల దూరంలో తువ్వాలుతో చూసి, పరుగున వచ్చాడు.

"నువ్వేంటిక్కడ? నాన్న ఏరీ?"

కోడలు గట్టు మీద కూలబడి, ఆయన కోసమే వచ్చానంది.

జీపు వెనక్కి వచ్చేటప్పుడు ట్రాకరు సంగతంతా కూపీ లాగి, నెమ్మదిగా తల పట్టుకున్నాడు. భార్యాభర్తలు మాత్రం ఒకరినొకరు చూసుకోలేదు. మూడు నిమిషాలు తక్కువ ఎనిమిది. మామగారు ఎక్కడున్నారో తెలియదు. చిట్టికి ఏం చెప్పాలో అంతకన్నా తెలియదు. కోడలి కళ్ళముందు మాత్రం గుమ్మం దాటుతున్న ఆయన పెట్టె కనపడుతోంది.

రిసెప్షన్ మెట్లెక్కుతుండగానే ఆయన గొంతు వినిపించింది. మామగారు బల్ల మీద ఒక మోచెయ్యి ఆనించి, ఫోను చెవిన పెట్టుకుని, రెండో చేత్తో ఆమ్లెట్ తింటున్నారు. టీలో పంచదార లేదని కప్పు పట్టుకుని వంటింటికి వెళ్ళారట. అంతలో గంట మోగితే వంటవాడు తలుపు బిగించేశాడు. బిగించినవాడు ఊరికే ఉండలేక, ఆయనకి పంచదార టీ రెండుసార్లు, ఆమ్లెట్ ఒకసారి పెట్టాడు. ఎనిమిదవుతోందని ఆయన తలుపు తీయించుకుని, పళ్ళెంతో సహా ఫోను దగ్గరికి వచ్చేశారు.

"మీ వదినా?" అంటున్నారు ఆయన ఫోన్లో. "పులికి మాత్ర వెయ్యడానికి వెళ్ళిందిట. నేనెందుకు అబద్ధం చెప్తానే, లాడ్జంతా చెప్పుకుంటున్నారు. నీళ్ళలోంచి లేవమంటే లేచి వెళ్ళిపోయిందట. ఇప్పుడే వైర్‌లెస్‌లో విన్నాం. నాకేం, రాయిలా ఉన్నాను. ఇదిగో, వచ్చింది, మాట్లాడు."

కోడలు ఫోనందుకుంది. అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. చిట్టి అంతసేపు మాట్లాడకుండా ఉండడం పెళ్ళైన ఇన్నేళ్ళలో ఇదే మొదలు.

"వదినా," అంది చివరికి, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా. "నిజంగా లేచి వెళ్ళిందా?"

జరిగిందంతా మొదటినుంచీ చెబుదామా అనుకుంది కోడలు. మామగారు ఆమ్లెట్ ఆఖరి ముక్క నోట్లో వేసుకుని, ఏం చెబుతుందా అని ఆమె వంకే చూస్తున్నారు.

"వెళ్ళింది చిట్టీ," అంది.

"అయితే నాన్న నీ దగ్గరే ఉండనీ. ఇంక నేనేమీ అనను."

కోడలు బల్ల పట్టుకుని నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెట్టె కదలక్కర్లేదని మామగారికి సైగ చేసింది. ఆయన ఏమీ ఎరగనట్టు ఖాళీ పళ్ళెం వెనక్కి దాచుకున్నారు.

"వదినా, ఉన్నావా?" అంది చిట్టి. "ఇంకో మాట. మా అత్తగారు షుగరు మాత్రలు వేసుకోమంటే మీదికొస్తున్నారు. ఇంట్లో ఎవరి వల్లా కావడం లేదు. ఒక్క పదిహేను రోజులు నీ దగ్గరికి పంపిస్తాను."

ఆవిడ పదిహేను రోజులకని వచ్చి ఆరు నెలలైంది. మాత్రలు వేళకి వేసుకుంటున్నారు, వెళ్ళే వేళే ఇంకా కాలేదు.