స్నేహితురాలి కోసం అడుగుతున్నాను

తన గురించిన ప్రశ్నను మనిషి మరొకరి పేరు మీద ఎందుకు అడుగుతాడు? ఈ సందేహం చాలాకాలంగా వేధిస్తోంది. నన్ను కాదు, నాకు తెలిసిన ఒకాయనను.

నేను చెప్పబోయే ఇంట్లో ముగ్గురికీ ఈ అలవాటే. తల్లి ఒకసారి డాక్టరు దగ్గర తన మోకాలి నొప్పిని పక్కింటావిడ నొప్పిగా చెప్పుకుంది. తర్వాత ఆ డాక్టరు వీధిలో పక్కింటావిడను ఆపి, మోకాలు ఎలా ఉందని అడిగి, బరువు తగ్గమన్నాడు. అప్పటి నుంచి రెండిళ్ళకూ మాటల్లేవు. తండ్రి ప్యాంటు నడుము వదులు చేయించుకునేటప్పుడు అది తమ్ముడిదని దర్జీకి చెప్పి, కొలత మాత్రం తన నడుముకే ఇస్తాడు. కూతురు కాలేజీలో మొదటి సంవత్సరం.

ఆమె చేరింది భూగర్భశాస్త్రంలో. ఆ శాస్త్రం తెలిసిన ఒక్క లెక్చరరూ తొలి నెలలోనే రిటైరయ్యాడు. ఇప్పుడు ఆ పాఠం అర్థశాస్త్రం మాస్టారు చెబుతున్నారు. ఏ రాయి చేతికిచ్చినా, "ఇదొక వనరు" అంటారు. ఊరవతల ఇంకో కాలేజీ ఉంది. అక్కడ రాళ్ళకు పేర్లున్నాయి. అక్కడికి మారిపోవాలని అమ్మాయి కోరిక. కానీ ఆమె చదువు నడుస్తున్నది ఆర్థిక సాయం మీద. మారితే ఆ సాయం వెంట వస్తుందా, ఇక్కడే ఆగిపోతుందా? అడిగితే తెలుస్తుంది. అయితే, వెళ్ళిపోయే మనిషికి సాయమెందుకని, అడిగిన రోజే ఆపేయరని నమ్మకమేమిటి?

అందుకే ఆ ఉదయం ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. తరగతికి ముందు సాయం విభాగం కిటికీ దగ్గర ఆగి, ఒక్క మాట కనుక్కుని రావడం.

"మా స్నేహితురాలు ఒకమ్మాయి ఉంది మేడం. వేరే కాలేజీకి మారితే సాయం పోతుందేమోనని భయపడుతోంది."

గుమాస్తా కళ్ళజోడు మీదుగా చూసింది. "ఏ గ్రూపు?"

"భూగర్భశాస్త్రం. మొదటి సంవత్సరం."

"ఆ అమ్మాయినే రమ్మను. ఒకళ్ళ సంగతి ఇంకొకళ్ళకి చెప్పం."

అమ్మాయి తలూపి, తనను తాను వెతుక్కురావడానికి వెళుతున్నట్టు వెళ్ళిపోయింది.

ఎవరికీ చెప్పని ఈ దిగులును ఆమె ఇంట్లో అద్దంతో మాత్రం చెప్పుకునేది, కాస్త గట్టిగా. తల్లీ విన్నది, తండ్రీ విన్నాడు. ఒకరికొకరు చెప్పుకోలేదు. ఎవరికి వారే గుట్టుగా కనుక్కుందామనుకున్నారు. అమ్మాయి తరగతిలో ఉండగా తల్లి అదే కిటికీ దగ్గరికి వచ్చి, ఆడపడుచు కూతురి సంగతి అంటూ అడిగింది. ఆమె పక్కకు తప్పుకుందో లేదో తండ్రి ఫోన్ చేసి, "మా ఆఫీసులో ఒకాయన కూతురండీ" అన్నాడు. ఇద్దరూ చెప్పిన గ్రూపూ అదే, ఇద్దరికీ దొరికిన జవాబూ అదే. గుమాస్తా ఫోన్ పెట్టేసి వేళ్ళు మడిచింది. ముగ్గురు పోతున్నారు. ఆ తరగతిలో ఉన్నదే నలుగురు. ఆమె లేచి ప్రిన్సిపాల్ గదికి నడిచింది.

ప్రిన్సిపాల్ తరగతిలోకి వచ్చేసరికి మాస్టారి చేతిలో సున్నపురాయి ఉంది.

"మీలో ముగ్గురు కాలేజీ మారుతున్నారట. మంచిది. మిగిలిన ఒక్కళ్ళ కోసం గ్రూపు నడపలేం. సోమవారం నుంచి మూసేస్తున్నాం. ఉండిపోయేవాళ్ళకి ఇక సాయమూ ఉండదు."

"వనరుల తరలింపు" అని మాస్టారు రాయికేసి చూస్తూ గొణిగారు.

ప్రిన్సిపాల్ వెళ్ళాక పక్కనున్న అమ్మాయి అడిగింది. "ఆ ముగ్గురిలో నువ్వున్నావా?"

"నువ్వేమో అనుకున్నాను."

"నేనెక్కడికి పోతాను? సాయం ఆగిన మర్నాడే మా అన్నయ్య నన్ను కొట్లో కూర్చోబెడతాడు." ఆ మాట అని ఆమె పుస్తకాలు సంచిలో సర్దుకోసాగింది.

వెనక బెంచీ కుర్రాడు మరీ అయోమయంగా ఉన్నాడు. "ముగ్గురు పోతున్నారంటే నేనూ పోతున్నానేమో. నాకెవరూ చెప్పలేదు."

అమ్మాయికి లెక్క తేలలేదు. ఒకరు తను. మరి ఆ ఇద్దరెవరు? తేల్చుకుందామని కిటికీ దగ్గరికి పరుగెత్తింది. అక్కడ బల్ల మీద తల్లి కూర్చుని ఉంది. ఫోన్‌లో పని కాక ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన తండ్రి స్తంభం వెనక నిలబడ్డాడు.

"నువ్వేంటమ్మా ఇక్కడ?"

"మీ అత్త కూతురి పని మీద వచ్చాను."

"అత్తకి ఇద్దరూ కొడుకులేగా."

తల్లి ఆలోచించింది. "అవును" అంది.

"నేను మా ఆఫీసాయన కూతురి కోసం" అన్నాడు తండ్రి, ఎవరూ అడగకుండానే.

"మీతో పనిచేసే ఆ ఒక్కాయనకీ ఇంకా పెళ్ళే కాలేదని మొన్ననేగా చెప్పారు?" అంది తల్లి.

లెక్క తేలింది. నోరు మూసుకుంటే తమ రహస్యం దాగుతుంది. పుట్టని ముగ్గురమ్మాయిల కారణంగా, పుట్టిన ఒకమ్మాయి కొట్లో కూర్చుంటుంది. అమ్మాయి కిటికీ ముందుకు నడిచింది.

"మేడం, ఆ ముగ్గురూ నేనే. మారాలనుకున్నది నేనొక్కదాన్నే. గ్రూపు మూయొద్దని సార్‌కి చెప్పండి. నా సాయం పోతే పోనివ్వండి."

గుమాస్తా ఫోనెత్తింది. "సార్, ముగ్గురు కాదు, ఒక్కతే. మిగతా ముగ్గురూ ఉంటారు. సరే సార్, నడిపిద్దాం." పెట్టేసి అమ్మాయికేసి తిరిగింది. "నీ సాయం ఎందుకు పోతుంది? చదువు ఎక్కడ సాగితే అక్కడికే వెళుతుంది. నువ్వొస్తే పొద్దున్నే చెప్పేదాన్ని."

"పొద్దున్నే వచ్చాను మేడం."

"నువ్వు రాలేదు. ఎవరో స్నేహితురాలు వచ్చింది." గుమాస్తా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "చూడమ్మా, మా చెల్లెలొకతి ఉంది. ఇలాంటి ఉద్యోగమే, విసిగిపోయింది. ఆ కాలేజీ ఆఫీసులో ఖాళీలేమైనా ఉన్నాయేమో, వెళ్ళినప్పుడు కాస్త కనుక్కుంటావా?"

అమ్మాయి ఆమె కళ్ళజోడులోకి చూసింది.

"మీ చెల్లెల్నే రమ్మనండి మేడం" అని, అక్కడే నిలబడి, బదిలీ దరఖాస్తు మీద తన పేరు తానే రాసి ఇచ్చింది.

గేటు దగ్గర సంగతేమిటని కాపలాదారు అడిగితే, తండ్రి గర్వంగా, "మాకు తెలిసినవాళ్ళ అమ్మాయి కాలేజీ మారుతోంది" అన్నాడు.